ముందు కట్టిన సగం

మా ఇంటి కింద గదిలో పార్లర్ రాకముందు ఒక దర్జీ ఉండేవాడు. చుట్టుపక్కల వాళ్లందరి దగ్గరా బట్టలకని అడ్వాన్సులు తీసుకుని, ఒకరోజు కుట్టు మిషన్‌తో సహా మాయమయ్యాడు. ఆ డబ్బు పుచ్చుకున్న నాడే అతని మనసులో మోసం ఉందా, లేక ఆ నాటికి నిజంగా కుట్టి ఇద్దామనే అనుకున్నాడా? ఇన్నేళ్లుగా నాకు తేలని అనుమానం ఇది. దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నా ఇదే అడ్డం వస్తుంది. మనిషి దొంగయ్యేది డబ్బు చేతిలో పడినప్పుడా, పని ఎగ్గొట్టినప్పుడా? తెలిసిన పెద్దాయన్ని అడిగితే, "నీ డబ్బు పోలేదుగా, నీకెందుకయ్యా ఈ గోల?" అన్నాడు. నిజమే, నా డబ్బు పోలేదు. కానీ అప్పటినుంచీ ఎవరైనా ముందుగా డబ్బు అడిగితే చాలు, వాళ్ల మొహం కన్నా ముందు కాళ్లవైపు చూడటం అలవాటైంది, ఎటు పరిగెడతారోనని.

ఆ తర్వాత గదిని పార్లర్ పెట్టుకుంటానన్న అమ్మాయికి ఇచ్చాను. మాట తక్కువ, చెయ్యి చురుకు. అద్దె నెల తిరక్కుండా ఇచ్చేది. అంతా బాగానే ఉందనుకుంటుండగా పోయినేడు గాజు తలుపు మీద ఒక కాగితం అంటించింది. పని ఖరీదులో సగం ముందే కట్టాలట. చెప్పిన రోజుకి రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వదట.

ఆ సగం మొదట పోగొట్టుకున్నది మా అక్కే. అక్క బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై మా దగ్గరే ఉంటుంది. అరవై దాటినా తల నల్లగా నిగనిగలాడుతుంది. ఎవరైనా మెచ్చుకుంటే, "మా అమ్మ పోలిక. ఏ రంగులూ పూయలేదు" అని చెప్పుకునేది. ఏదో మసాజ్ చేయించుకుంటానని సగం డబ్బు కట్టి, చెప్పిన రోజున వెళ్లి, పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

"షట్టర్ వేసి ఉందిరా. డబ్బు తీసుకుని తలుపేసుకుంది మహాతల్లి" అంది.

నేను కిందికి దిగి అడిగాను. పార్లరమ్మాయి చేతిలో దువ్వెన వైపు చూస్తూ, "అలా అన్నారా?" అంది.

"అవునా కాదా చెప్పమ్మాయ్."

"వారు ఎప్పుడొచ్చినా పని చేసిపెడతాను బాబాయిగారూ. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వను."

అవుననలేదు, కాదనలేదు. తప్పు చేయనివాళ్లు ఇలా నానుస్తారా? నాకు ఆ రోజునుంచే అనుమానం పట్టుకుంది.

ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ దానికి సాక్ష్యాలే. మధ్యాహ్నం పూట షట్టర్ సగం దించి ఉండేది. లోపల కుళాయి చప్పుడు వినిపించేది, మాటలు మాత్రం గుసగుసలే. తలమీద కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ అటూ ఇటూ చూసి వంగి లోపల దూరడం నా కళ్లతో చూశాను. ఒకరోజు పార్లరమ్మాయి కుర్చీ ఒకటి ఆటోలో ఎక్కించి పంపేసింది. దర్జీ కూడా ముందు ఇస్త్రీ బల్లనే పంపించాడు. నేను మెట్ల మీద పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"ఏమండీ, మీరలా కూర్చుంటే పార్లర్‌కి వాచ్‌మన్ వచ్చాడనుకుంటున్నారు జనం" అనేది మా ఆవిడ. "ఆ పేపరు కనీసం తిన్నగానైనా పట్టుకోండి."

అలా ఉండగా ఒక పొద్దున గేటు దగ్గర గొడవైంది. స్కూటరు మీద వచ్చిన ఒకావిడ హెల్మెట్ చంకలో పెట్టుకుని గట్టిగా అరుస్తోంది.

"మా అత్తగారు జారిపడితే ఆసుపత్రిలో ఉన్నానని చెప్తున్నా కదా! మనిషివి కాదా నువ్వు?"

"ఈ శనివారం రండి, చేస్తాను. ముందుగా ఇంకేం కట్టక్కర్లేదు" అంది పార్లరమ్మాయి.

"నాకు నీ పనొద్దు, నా డబ్బు కావాలి!"

"డబ్బు ఇవ్వనండీ."

ఆవిడ చూపు నామీద పడింది. "మీరేనా ఇంటి ఓనరు? ఇందులో మీకేమైనా వాటా ఉందా?"

నా మొహాన ఎవరో నీళ్లు కొట్టినట్టయింది. ఇన్నాళ్లు వేలెత్తి చూపించుకోకుండా బతికినవాణ్ణి, వీధిలో వాటాదారుణ్ణయ్యాను. అంతలో పైన బాల్కనీలోంచి అక్క అందుకుంది.

"నేను ఏడాది నుంచీ చెప్పడం లేదూ? నా డబ్బూ ఇలాగే మింగింది. నేను వెళ్తే షట్టర్ వేసుకుని కూర్చుంది!"

పార్లరమ్మాయి తలెత్తి ఒక్కసారి అక్కవైపు చూసింది. అక్క ఎందుకో చప్పున లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం పార్లర్ ఖాళీ అయ్యేదాకా ఆగి కిందికి వెళ్లాను. ఆ అమ్మాయి నేలమీది జుట్టు ఊడుస్తోంది.

"సగం డబ్బు ముందే పట్టుకోవడం ఏం న్యాయం అమ్మాయ్?" అని మొదలుపెట్టాను.

చీపురు గోడకి ఆనించింది. "ఒక శనివారం నలుగురు వస్తామన్నారు. వాళ్ల కోసం ఇంకెంతమందినో వద్దన్నాను. ఒక్కరు వచ్చారు. ఒకావిడ దారిలో ఉన్నానంటే రంగు కలిపి పెట్టాను. కలిపిన రంగు దాచుకోడానికి ఉండదు, సింకులో పొయ్యడమే. నా దగ్గర పనిచేసే ఆవిడకి జీతం మాత్రం ఇవ్వాలిగా?"

"రానివాళ్ల తప్పుకి వచ్చేవాళ్లని పట్టుకుంటావా? ఏ పావు వంతో తీసుకో."

"అదీ చూశాను. పావు వంతైతే పోతే పోయిందిలే అనుకుంటారు. సగమైతే గుర్తుంటుంది."

"మరి సగం కట్టలేనివాళ్లో?"

"వాళ్లు రావడం మానేశారు. నాకూ తెలుసు" అంది మెల్లిగా. తర్వాత నావైపు తిరిగి, "మీరు తాళం చెయ్యి ఇవ్వకముందే ఆరు నెలల అద్దె తీసుకున్నారు బాబాయిగారూ. నేను పారిపోతాననేగా?" అంది.

"అది వేరు."

"ఎలా వేరు?"

ఎలా వేరో నాకు వెంటనే తోచలేదు. తోచనప్పుడు కోపం వస్తుంది కదా, వచ్చింది. "ఎలాగైనా సరే, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి" అన్నాను.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "ఇక్కడినుంచి కదిలితే ఈ చుట్టుపక్కల వాళ్లెవరూ వెతుక్కుంటూ రారు. మళ్లీ మొదటినుంచి మొదలెట్టే ఓపిక నాకు లేదు. మీ అక్కగారి విషయంలో నేను తప్పు చేయలేదు. అంతకన్నా చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు?"

"ఇక్కడికొచ్చే వాళ్ల సంగతులు బయటపెడితే రేపు ఈ కుర్చీలో ఎవరూ కూర్చోరు."

"మా అక్క కూర్చోనేలేదుగా?"

"రావడం వచ్చారుగా."

దొరికిపోయిందనుకున్నాను. అక్క వచ్చిందని తన నోటితోనే ఒప్పుకుంది. ఇంకేం కావాలి? మెట్లెక్కుతుంటే దర్జీని ఈసారి ముందే పట్టుకున్నంత తృప్తి.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. అక్క సంతోషిస్తుందనుకుంటే, కంచంలో చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఖాళీ చెయ్యమన్నావా? నిన్ను డబ్బు అడగమన్నాను గానీ, దాని పొట్ట కొట్టమన్నానా?"

"మోసం చేసేవాళ్లని ఇంట్లో పెట్టుకుంటే ఆ పాపం మనకి చుట్టుకోదూ?"

అక్క సగంలోనే లేచి చెయ్యి కడుక్కుంది. మా ఆవిడ నావైపు చూసి, "వదినగారు అన్నం వదిలేయడం ఎప్పుడైనా చూశారా?" అంది. చూడలేదు.

తర్వాత అక్క తీరు మారింది. కూరలు తెస్తానని వెళ్లి ఖాళీ సంచీతో వచ్చింది. చెవి వెనక గోధుమరంగు మరక ఒకటి కనిపించి, "ఏమిటక్కా అది?" అంటే, "నా చెవుల సంగతి నీకెందుకురా, నీ చెవులు చూసుకో!" అని విరుచుకుపడింది. ఇక నాకు ఇంట్లోవాళ్ల మీద కూడా అనుమానం మొదలైంది. దేవుడి ముందు కూర్చుంటే ఆయన కూడా ఏదో దాస్తున్నట్టే అనిపించింది.

రెండు రోజులు గడిచాక, మధ్యాహ్నం షట్టర్ మళ్లీ సగం దిగింది. సామాను సర్దేస్తోందేమో, గోడలకి ఏం చేసిందో చూడనివ్వకుండానే జారుకుంటుందేమో అనుకున్నాను. గబగబా దిగి, నడుం పట్టుకుని వంగి, షట్టర్ కిందనుంచి లోపలికి దూరాను.

కుర్చీలో మెడదాకా నల్లటి గుడ్డ కప్పుకుని మా అక్క. జుట్టు పాయలుపాయలుగా విడదీసి ఉంది. సగం తలకి రంగు ముద్ద. మిగతా సగంలో కుదుళ్లన్నీ పాలలా తెలుపు.

"ఒరేయ్! అటు తిరుగు!" అని అరిచింది అక్క.

బడిపిల్లాడిలా గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక పార్లరమ్మాయి నవ్వాపుకుంటున్న చప్పుడు.

"నవ్వకే. వాడికి ఎలాగూ చెప్పాలనుకున్నా" అంది అక్క. గొంతులో హెడ్‌మిస్ట్రెస్ లేదు. "ఇన్నేళ్లూ ఇంట్లో తలుపేసుకుని నేనే వేసుకునేదాన్నిరా. చెవుల దగ్గర దద్దుర్లొచ్చాయి. పని తెలిసినవాళ్ల చేత వేయించుకుందామని డబ్బు కట్టాను. ఆ రోజు షట్టర్ తెరిచే ఉంది. గుమ్మం దాకా వెళ్లాను. లోపల నా దగ్గర చదువుకున్న పిల్ల కూర్చుని ఉంది. అది జుట్టుకి రంగేసుకుని బడికొచ్చిందని, అందరి ముందూ నిలబెట్టి నా జడ చూపించి నీతులు చెప్పినదాన్ని. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? తిరిగొచ్చేశాను. మీరు అడుగుతారని నెపం షట్టర్ మీద పెట్టాను."

గోడకేసి చూస్తూనే, "నువ్వు చూశావా అమ్మాయ్?" అన్నాను.

"అద్దంలో కనిపించారు. తిరిగి వెళ్లిపోవడం కూడా."

"మరి నాతో ఒక్క ముక్క అనొచ్చుగా?"

"మీతోనా? మీరు మెట్ల మీద కూర్చుంటారు. ఆ మాట సందు చివరిదాకా వెళ్లిపోదూ?" అంది. తర్వాత, "పెద్దవాళ్లు కొందరు ఎవరికంటా పడకూడదంటారు. వాళ్లకోసమే షట్టర్ దించేది. మీరు ఆటోలో చూసిన కుర్చీ రిపేరుకి వెళ్లింది, అడిగితే చెప్పేదాన్ని" అంది.

అక్క చెవి వెనక మరక సంగతీ చెప్పింది. రంగు ఒంటికి పడుతుందో లేదోనని ముందుగా కాస్త రాసి రెండు రోజులు చూస్తారట.

అంతా విన్నా నాలో ఒక ముల్లు మిగిలింది. "సరే. కట్టినవాళ్లు అసలెప్పటికీ రాకపోతే?"

"రాకపోతే నా దగ్గరే ఉంటుంది బాబాయిగారూ. అబద్ధం ఎందుకు?"

"ఆ హెల్మెట్ ఆవిడ అత్తగారు నిజంగానే ఆసుపత్రిలో ఉంటే?"

బ్రష్ చప్పుడు ఆగింది. "నిజమో కాదో నేనెలా తెలుసుకోను? అందరూ ఏదో ఒకటి చెప్తారు. నమ్మి నమ్మి ఇలా అయ్యాను." కాసేపటికి తనే మళ్లీ, "ఒకసారి ఫోన్ చేసి అత్తగారెలా ఉన్నారో అడుగుతాలెండి" అంది.

డబ్బిస్తానని మాత్రం అనలేదు. నేనూ రెట్టించలేదు. వచ్చినవాళ్లందరి కాళ్లవైపు చూసే జబ్బు నా ఒక్కడిదే కాదని అర్థమైంది. ఎవరిది ముందు మొదలైందో దేవుడికే తెలియాలి. ఆయన గాలీ వెలుతురూ ఏ అడ్వాన్సూ లేకుండా ఇస్తున్నాడు, నిజమే. కానీ ఆయనకి అద్దె కట్టేది లేదు, జీతాలు ఇచ్చేది లేదు.

"నెలాఖరు మాట ఏం చేస్తారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

నా ముక్కుకి ఎదురుగా గోడ మీద చెమ్మ మరక కనిపిస్తోంది. "ఈ గోడ పాడైంది. నెలాఖరుకి మేస్త్రీని పిలిపిస్తాను. ఆ ఒక్కరోజూ ఎవరినీ రమ్మనకు" అన్నాను.

"తమ్ముడూ, ఇక నువ్వు పైకి వెళ్లచ్చు" అంది అక్క. నేను వెళ్లలేదు. మూలనున్న స్టూలు మీద, వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాను.

తల కడిగి, ఆరబెట్టి, దువ్వడం అయ్యాక అక్క పర్సు తీసిన చప్పుడైంది.

"ఇప్పుడు రేటు పెంచావటగా. మిగతాది ఎంతివ్వాలి?"

"అప్పటి రేటులో సగం చాలు టీచర్‌గారూ. ముందు కట్టింది అప్పటిదేగా."

అక్క నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి అవి జేబులో పెట్టుకుని, అక్క భుజాల మీది నల్లగుడ్డ విప్పి దులిపింది.

"అమ్మయ్య, ఏడాదిగా మీకు బాకీ ఉండిపోయాను" అంది. "ఇవాళ తీరింది."