కోటిరత్నం చింతచెట్టుకు నేను ఎంచిన తొట్టి

బోన్సాయ్ పెంచేవాళ్ళలో నూటికి తొంభై మందికి కళ్ళుండవు. ఏళ్ళ తరబడి కష్టపడి పెంచిన చెట్టును తీసుకెళ్ళి డ్రాగన్ బొమ్మలున్న నీలం పింగాణీ తొట్టిలో కూర్చోబెడతారు. లేదంటే సిమెంటుతో బెరడు ఆకారం పోసి, దానికి మట్టిరంగు పూసి, ఎంత సహజంగా ఉందో అని మురిసిపోతారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఏది ఎక్కడ ఇముడుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే ఆ చెట్టు నాది కాదు, నా భార్య కోటిరత్నానిది. ఇరవై రెండేళ్ళ కిందట చింతపండులో గింజలు తీస్తుంటే ఎగిరి పడ్డ ఒక పిక్కను పాత సత్తు బేసిన్‌లో పాతిపెట్టింది. సత్తెనపల్లిలో మా మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, అది మూరెడు ఎత్తున ముదురు చెట్టులా నిలబడింది. కోటిరత్నం రోజూ పొద్దున ఆరింటికి పైకెళ్ళేది. నీళ్ళు పోసేది, చిగుళ్ళు గిల్లేది, కరెంటు వైరులోంచి లాగిన రాగితీగ కొమ్మలకు చుట్టేది. ఇంట్లో గోడల రంగు దగ్గర్నుంచి కూరలో కారం దాకా అన్నిటికీ నా మాటే చెల్లేది. ఆ చెట్టు సంగతి మాత్రం ఆమె నన్నెప్పుడూ అడగలేదు. "కడుపు మాడ్చి పొట్టిదాన్ని చేయడం కూడా ఒక విద్యేనా" అని నేను ఎగతాళి చేస్తే వినీవిననట్టు తన పని చేసుకునేది.

మొన్న జనవరిలో గుంటూరు బోన్సాయ్ క్లబ్బు వాళ్ళ ప్రకటన వాట్సాప్‌లో వచ్చింది. ఫిబ్రవరి ఆఖర్లో ప్రదర్శన. చెట్టుకూ తొట్టికీ కుదిరిన పొందికకు ప్రత్యేక బహుమతి. తొట్టి కొట్లో కొన్నది కాకూడదు, ప్రకృతిలోంచి వచ్చినట్టు ఉండాలి. చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో నా కంటికి విలువ ఇచ్చినవాడు లేడు. స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారు తన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్.

"పంపిద్దామండీ. కానీ బేసిన్‌లోనే ఉంచుదాం, దానికి అదే అలవాటు" అంది కోటిరత్నం.

"సొట్టలు పడ్డ బేసిన్‌లోనా? నలుగురూ నవ్విపోతారు. తొట్టి సంగతి నాకొదిలెయ్."

నెల్లాళ్ళు తిరిగాను. దాచేపల్లి వైపు నాపరాళ్ళు చూశాను, మరీ బల్లపరుపు. బట్టీలో మాడి ముద్దకట్టిన ఇటుకలు చూశాను, రంగు గొంతు చించుకుంటోంది. తొట్టి ఎప్పుడూ చెట్టుకంటే గట్టిగా మాట్లాడకూడదు. వాడరేవు వెళ్ళి విరిగిన పడవ చెక్క ఒకటి తెచ్చాను. ఎంత అందమైన చెక్కో. కానీ ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగిన చెక్క వేళ్ళను చంపేస్తుందని నేనే పక్కన పడేశాను. ఆ మాత్రం తెలివి ఉంది నాకు.

చివరికి అది మా పెరట్లోనే కనిపించింది. కోటప్పకొండ తిరునాళ్ళలో మా అమ్మ కొన్న రోలు. ఒక పక్క అంచు విరిగి, కొండచరియలా ఉంది. ఏటా మిరపపళ్ళు వచ్చే రోజుల్లో కోటిరత్నం అందులోనే కొరివికారం తొక్కేది. మిక్సీ వచ్చాక కల్లుప్పు పోసి, పైన చెక్కమూత పెట్టుకుంది. పన్నెండేళ్ళుగా అది ఉప్పురోలే. నేను ఆ ఉప్పును బకెట్లోకి ఎత్తి, రోలును మూడుసార్లు కడిగి బోర్లించాను. గిన్నె కడిగితే శుభ్రమైనట్టే ఇదీ అనుకున్నాను. పడవ చెక్క దగ్గర పనిచేసిన బుర్ర రోలు దగ్గరకొచ్చేసరికి ఏమైందని ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను. వంటింటి సామానులో నాకు తెలియంది ఏముంటుందని, అంతే.

అడుగున బెజ్జం కొట్టడానికి ఇషాక్‌ను పిలిపించాను. వీధులు తిరిగి రోళ్ళకూ తిరగళ్ళకూ గాట్లు పెట్టే మనిషి. ఉలి ఆనించి రెండు దెబ్బలు కొట్టి ఆగాడు.

"మాస్టారూ, ఇది మెత్తటి రాయండి. ఉప్పు లోపలిదాకా పట్టేసింది. రెండేళ్ళు వానలో పడేస్తేగానీ వదలదు. ఇందులో చెట్టు పెడతారా?"

"నీ పని బెజ్జం కొట్టడం. కొట్టు."

కొట్టాడు.

అప్పుడు కోటిరత్నం ఊళ్ళో లేదు. చెల్లెలికి ఆపరేషన్ అయితే తోడుండటానికి వినుకొండ వెళ్ళింది. నేనే బేసిన్‌లోంచి చెట్టు లాగి, వేళ్ళు కత్తిరించి, రోట్లో దించాను. ఒక లావుపాటి వేరు విరిగిన అంచు మీదుగా జారేట్టు పెట్టాను. నాలుగు రోజులకు రాయి బయట తెల్లని చారలు తేలాయి. నా ఒళ్ళు పులకరించింది. వందేళ్ళ ఎండావానా తిన్న కొండలా ఉంది.

కోటిరత్నం వచ్చిన రోజు సంచీ కింద పెట్టకుండానే మేడెక్కింది.

"ఎవర్నడిగి మార్చారు?" అంది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆమె నోట వినడం అదే మొదటిసారి. తెల్లచార మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకుంది. "ఇది ఉప్పండీ. నా ఉప్పురోలు ఇది. చచ్చిపోతుంది చెట్టు. ఇప్పుడే తీసేస్తాను."

"ముట్టుకోకు. ఆ తెలుపే దానికి అందం. ఇంకా తొమ్మిది రోజులేగా, ప్రదర్శన కానియ్. తర్వాత నీ ఇష్టం."

"తొమ్మిది రోజులు ఆగదండీ."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆమెను కిందికి పంపి, మేడ తలుపుకు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఆరింటికి లేచి, మెట్ల మీద కూర్చుని, టీ తాగి వంటింట్లోకి వెళ్ళేది. నాతో గొడవపడలేదు. గొడవపడితే తాళం ఇచ్చేవాణ్ణా అంటే, ఇచ్చేవాణ్ణి కాదు.

గుంటూరులో కల్యాణమండపం నిండా చెట్లు. మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా జనం దగ్గుతున్నారు. విజయవాడ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత, ఒక పెద్దావిడ, నా రోలు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఈ తెల్లచారలు ఎలా తెచ్చారండీ? యాసిడ్ పోశారా?"

"లేదండీ. సహజంగా వచ్చినవే."

ఆ ప్రత్యేక బహుమతి నాకే వచ్చింది. షీల్డు మీద నా పేరు, కింద 'రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్' అని. "మేడమ్ గారూ, మీరు కూడా ఫొటోలోకి రండి" అని ఎవరో పిలిస్తే కోటిరత్నం వచ్చి నిలబడింది. ఆ ఫొటో నా ఫోన్లో ఉంది. అందరం కెమెరా వైపు చూస్తున్నాం. ఆమె ఒక్కతే వంగి, చెట్టు అడుగు కొమ్మ పట్టుకుని చూస్తోంది. ఆకుల అంచులు అప్పటికే మాడాయి. షీల్డు చేతిలో ఉన్నవాడికి అవి ఎందుకు కనిపిస్తాయి.

ఇంటికి రాగానే చెట్టును తీసి, బకెట్ తర్వాత బకెట్ నీళ్ళతో వేళ్ళు కడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ బకెట్లు నేనే మోశాను. మళ్ళీ బేసిన్‌లో పెట్టింది. ఉగాదికి ఒక్క ఆకు లేదు. రోజూ పొద్దున గోటితో బెరడు గీకి పచ్చదనం ఎక్కడిదాకా ఉందో చూసేది. మొదట కొమ్మల్లో ఉండేది. తర్వాత మాను మధ్యకు దిగింది. ఏప్రిల్లో ఒకరోజు మట్టి దాకా గీకింది. అంతా గోధుమరంగే. పట్టుకుని లాగితే సులువుగా ఊడొచ్చింది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏడ్చింది నేను. నాకే అసహ్యం వేసింది.

మర్నాడు గుంటూరు వెళ్ళి నర్సరీలో ఉన్నవాటిలో మంచి చింత బోన్సాయ్ కొనుక్కొచ్చి ఆమె ముందు పెట్టాను. "ఇదీ బాగానే ఉంది. నీ చేతిలో పడితే దానికంటే బాగా వస్తుంది" అన్నాను.

కోటిరత్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తింది.

"నాకిప్పుడు యాభై ఎనిమిదండీ. అది అట్లా కావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. నేనింకెప్పుడు పెంచేది?" అంది. "ఈ ఇంట్లో మీరు చెయ్యి పెట్టంది అదొక్కటే ఉండేది. ఇది మీరే పెంచుకోండి" అని మళ్ళీ చాటలోకి చూసుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున నేను పైకెళ్ళి దానికి నీళ్ళు పోస్తున్నాను. ఎన్ని పోయాలో తెలియదు, ఎప్పుడు గిల్లాలో తెలియదు. అడిగితే చెబుతుంది, అడగడానికే నోరు రావడం లేదు. కోటిరత్నం మాత్రం మేడ మీదికి రావడం మానేసింది. బట్టలు కూడా కిందే, గేటు పక్కన, దుమ్ములో ఆరేస్తోంది.