అచ్చిరాని చెయ్యి

"గడపకి పసుపు రాసి, ముగ్గేసి, నువ్వు పైకొచ్చెయ్ అమ్మాయ్. పాలు చంద్రకళ పొంగిస్తుందిలే," అంది మాణిక్యమ్మ మెట్ల మీద నుంచి, కోడలి మొహం చూడకుండానే.

ఉషశ్రీ అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కొట్టు కడుగుతోంది. తెనాలి మెయిన్ బజార్లో కింద కొట్టు, పైన కాపురం ఉన్న ఆ పాత మేడకి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు అద్దెకి దిగినా, ఏ మతం వాళ్ళైనా సరే, సామాను దింపుకునే ముందు ఇంటిగలవాళ్ళ కోడలు కొట్లో పాలు పొంగించాలి. మాణిక్యమ్మ కోడలిగా ఉన్నన్నాళ్ళూ ఇత్తడి సామాన్ల కొట్టు ఒక్కటే నడిచింది కాబట్టి ఆవిడది లక్ష్మీహస్తం. ఉషశ్రీ కాపురానికొచ్చాక వరసగా కొట్లు మారాయి కాబట్టి ఈమెది అచ్చిరాని చెయ్యి. ఎస్టీడీ బూతు మూతపడింది సెల్‌ఫోన్లు వచ్చి కాదట, ఉషశ్రీ పాలు తూర్పుకి పొంగక పడమటికి పొర్లినందుకట! ఫోటో స్టూడియో ఎత్తేసింది ఊళ్ళో ప్రతివాడి జేబులోకీ కెమెరా వచ్చి కాదట, అదీ ఈమె చలవేనట. మొదట్లో నవ్వుకునేది. కానీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఎవరు మాత్రం నమ్మరు? పక్కింటివాళ్ళు కొత్త స్కూటరుకి నిమ్మకాయ కట్టమంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంది. బాపట్లలో ఆడపడుచు కూతుర్ని పెళ్ళికూతుర్ని చేస్తుంటే, ఎవరూ చెప్పకుండానే తనే వెనక్కి జరిగి నిలబడింది. ఆ ఆడపడుచు చంద్రకళే ఈరోజు పాలు పొంగించడానికి పొద్దున్నే రైలెక్కి వచ్చింది.

"నీకు నమ్మకం లేకపోతే పోనీ, అమ్మ మనసు కష్టపెట్టడం దేనికి? మేడ మీద ఒక్క అరగంట కూర్చుంటే అరిగిపోతావా?" అన్నాడు భర్త గిరీష్, పొద్దున ఆమె వడ్డించిన ఇడ్లీ తింటూ. కడగడానికి మాత్రం ఆమె చెయ్యే కావాలి. మురికి వదిలించడానికి ఏ చెయ్యైనా అచ్చొస్తుంది కాబోలు.

షట్టరు సగం దించి ఉంది. బయట బజారంతా ఎండ, లోపల మాత్రం మసక. నీళ్ళు పోసి చీపురు వేస్తుంటే ఆ గొంతులు మళ్ళీ మొదలయ్యాయి. ఎడమ గోడ దగ్గర, ఒకప్పుడు బూతు ఉన్న చోట, "హలో... హలో... వినపడుతుందా?" అని ఎవరో అరుస్తున్నారు. అవతల, స్టూడియో ఉన్న మూల నుంచి, "గడ్డం కొంచెం దించండి, కదలకండి." ఉషశ్రీ తల తిప్పితే మాటలు ఆగిపోతాయి. చచ్చిపోయినవాళ్ళ గొంతులైతే దండం పెట్టుకుని ఊరుకునేది. వీళ్ళంతా బతికే ఉన్నారు, తన చేతివల్ల బతుకుతెరువు పోగొట్టుకుని ఎక్కడో బతుకుతున్నారు. అదే ఆమెని పీక్కు తినేది.

అన్నిటికంటే ఆమెని ఎక్కువ బాధపెట్టేది వెనక గదిలోంచి వచ్చే కుట్టుమిషను చప్పుడు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె మొదటిసారి పాలు పొంగించింది టైలర్ అబ్దుల్లా గారి కొట్టుకే. ముందు ఆయన కొలతలు తీసుకునేవాడు. వెనక పరదా చాటున ఆయన భార్య అక్తర్ బేగం మిషను తొక్కేది, కాజాలు కుట్టేది, చేతికుట్లు వేసేది. ఊరంతా అబ్దుల్లా పనితనమే పొగిడేది. ఊడ్చే వంకతో మధ్యాహ్నాలు ఉషశ్రీ ఆ పరదా వెనక్కి చేరి, ఆవిడ పక్కన కూర్చుని కాజాలు నేర్చుకుంది. ఈ మేడలో ఆమెని కూర్చోమన్నది ఆవిడొక్కతే. పురిటికి పిట్టలవానిపాలెం పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి కొట్టు ఖాళీ. "దివాలా తీసి పోయారు పాపం, నీ చేతి మహిమ!" అంది మాణిక్యమ్మ. ఆ దిగులుతో పచ్చి బాలింతకి వచ్చిన నెల తిరక్కుండానే పాలు ఎండిపోయాయి. దానికీ ఆ చెయ్యే కారణమన్నారు.

"ఉషక్కా!"

షట్టరు కింద నుంచి వంగి ఎవరో లోపలికి వచ్చారు. కొత్తగా దిగేది రేపల్లె వాళ్ళని మాత్రమే గిరీష్ చెప్పాడు.

"నేనక్కా, షహనాజ్‌ని! టైలర్ అబ్దుల్లా గారి అమ్మాయిని. ఈ వెనక గదిలోనే గుడ్డముక్కల మీద నిద్రపోయేదాన్ని, మర్చిపోయారా?"

ఉషశ్రీ చీపురు పక్కన పెట్టింది. "మీ కొట్టు నా మూలంగానే కదమ్మా మునిగిపోయింది," అంది. ఇన్నేళ్ళుగా లోపలే దాచుకున్న మాట అది, ఏడుపుతో కలిసి వచ్చింది.

"మునగడమేంటక్కా, భలేవారే! బూతు పెట్టేవాళ్ళు అద్దె ఎక్కువిస్తామన్నారని మీ మావయ్యగారే మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నారు. రేపల్లెలో నాన్న కొట్టు బ్రహ్మాండంగా నడిచింది. ఇప్పుడు ఇక్కడ టైలరింగ్ కొట్టు నేను పెడుతున్నా. అమ్మ మరీ మరీ చెప్పి పంపింది, పాలు మీ చేతే పొంగించమని. మీ చెయ్యి చాలా మంచిదంట."

వెనక గదిలో మిషను ఆగిపోయింది. ఉషశ్రీకి ముందు ఊపిరాడింది, ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది. గిరీష్, చంద్రకళ పొయ్యీ పాలగిన్నే పట్టుకుని దిగి వచ్చారు.

"వదినా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ముహూర్తం దాటిపోతుంది," అంది చంద్రకళ.

"కాదండీ, అక్కే పొంగించాలి," అంది షహనాజ్.

గిరీష్ చంద్రకళ చేతిలోంచి పాలగిన్నె తీసుకున్నాడు. "పార్టీ వాళ్ళే అడుగుతున్నారుగా. సరే, నువ్వే కానియ్ ఉషా."

"అబ్దుల్లా గారిని మావయ్యగారే పంపేశారని మీకు తెలుసా?"

"పాత గొడవలు ఇప్పుడెందుకే, మంచి జరిగే వేళ!"

తెలుసన్నమాట. ఆమె తన చేతులు చూసుకుంది. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి, గోళ్ళ సందుల్లో మట్టి. ఒకరికి ఇది శనిచెయ్యి, ఇంకొకరికి బంగారు చెయ్యి. అబద్ధం చెప్పినవాళ్ళ మీద కోపం వచ్చినట్టే, దీవించిన అక్తర్ బేగం మీదా కొంచెం వచ్చింది. ఇన్నేళ్ళలో ఈ చెయ్యి ఏం పని చేసిందని ఒక్కరైనా అడిగారా?

గిరీష్ చాపిన పాలగిన్నె ఆమె అందుకోలేదు.

"పాలు మీలో ఎవరు పొంగించుకున్నా నాకు ఒకటే," అని షహనాజ్ వైపు తిరిగింది. "రేపట్నుంచి పనిలోకి వస్తానమ్మా. కాజాలు, చేతికుట్లు అన్నీ వచ్చు. జీతం ఎంతిస్తావో చెప్పు. వెనక గదిలో మాత్రం కూర్చోను, ముందు కూర్చుంటాను."