పిట్టకు పెట్టిన కూర

పప్పులో తాలింపు వేసి మూత పెట్టగానే ఎస్తేరు కొంగుతో మెడ తుడుచుకుంది. హనుమకొండలో మిర్చి వ్యాపారి ఇల్లది. ఆ వంటింట్లో ఉల్లిగడ్డకు అనుమతి ఉంది, వెల్లుల్లికి శుక్రవారం సెలవు, నీసు మాటెత్తితే పాపం. ఎస్తేరని చెబితే పని దొరకదని వచ్చినరోజే సుకన్య అని చెప్పింది. ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడేది ఆ సుకన్యే. చేతులనిండా నూనె చిట్లిన మచ్చలు పడ్డాయి, మోకాళ్లు వాచాయి. ఇప్పటికీ ఆ పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

వెనక గదిలో తల్లి మొగిలమ్మ మంచం పట్టింది. పనితోపాటు ఇచ్చిన గది అది. కిటికీ సరిగ్గా పూజగదికి ఎదురు. ముందున్న పనిమనిషి ఎండుచేపలు వేయించిందని సామానుతో సహా వీధిలో నిలబెట్టారు.

మొగిలమ్మకు తునకలు కావాలి. పొడుగ్గా కోసి, దండెం మీద ఎండబెట్టిన పెద్దకూర, అంటే గొడ్డుమాంసం. ఎస్తేరు చిన్నప్పుడు ముసురు పట్టిన రోజుల్లో గోంగూరేసి వండితే వాడంతా ఘుమఘుమలాడేది.

"ఒక్క బుక్క బిడ్డా. పులుసు నాలిక్కి తాకితె సాలు," అంది పొద్దున.

"మెల్లగ అనవ్వా, ఇంటోళ్లు ఇంటరు."

మొగిలమ్మ తమ్ముడు జయరాజు కేసముద్రంలో ఉంటాడు. మధ్యాహ్నానికి వండి తెస్తానని మాటిచ్చాడు. అంతలో ఇంటావిడ వరలక్ష్మి వచ్చి, ఈరోజే సత్యనారాయణ వ్రతమని, వియ్యాలవారు వస్తున్నారని చెప్పింది. ఎస్తేరు పెరట్లోకి పోయి ఫోన్ చేసింది.

"మామా, ఇయ్యాల తేకు. ఇంటికి సుట్టాలొస్తాండ్రు. వాసనొస్తె నా బతుకు ఆగమైతది."

"మల్ల అక్కకేం జెప్తవ్?"

"ఆదివారమని జెప్త."

మొగిలమ్మ సరేనంది. అలిగినా బాగుండేదని ఎస్తేరు బాధపడింది.

వ్రతం సగంలో ఉండగా తల్లికి పెరుగన్నం తీసుకెళ్లింది. మొగిలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. చావు కబురు బయటికొస్తే వ్రతం ఆగిపోతుంది. ఎస్తేరు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, లేచి ముఖం కడుక్కుంది. ప్రసాదం పంచేదాకా ఎవరికీ చెప్పలేదు.

బొందపెట్టేటప్పుడు పాస్టరు ప్రార్థన చేశాడు. ఇంటివాళ్లెవరూ రాలేదని ఎస్తేరు ఊపిరి పీల్చుకుంది, అలా పీల్చుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వరలక్ష్మి చెడ్డమనిషి కాదు. మూడోనాడు పొద్దున్నే తనంతట తానే వచ్చి అడిగింది.

"పిట్టకు పెట్టాలె సుకన్యా. పోయినోళ్లకు ఇష్టమైంది పెడితెనే కాకి ముడుతది. మీ అమ్మకేం ఇష్టమో చెప్పు, నేనే వండుత."

ఆ మాట ఎస్తేరు నోటిదాకా వచ్చింది. మింగేసింది. చెప్పగలిగినవాటిలో దానికి కాస్త దగ్గరగా ఉన్నది ఒక్కటే తోచింది.

"మీల్ మేకర్ కూరమ్మా."

వరలక్ష్మి జీడిపప్పు వేసి శ్రద్ధగా వండింది. విస్తరి డాబా గోడమీద పెట్టి ఇద్దరూ దూరంగా నిలబడ్డారు. కాకులు వాలాయి, చూశాయి, ఎగిరిపోయాయి.

"ఆమె మనసుల ఇంకేదో ఉన్నట్టుంది. జర యాది చేసుకో."

"ఏం లేదమ్మా."

కింద కుక్కర్ కూసింది. ఎస్తేరు మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. డాబా గోడమీది విస్తరిలో మీల్ మేకర్ ముక్కలు ఎండకు ఎండుతున్నాయి.