పగిలిన ఎడమ వైపు

నేను ఒక పాత అంబాసిడర్ కారు డాష్‌బోర్డుని. మీటర్లనీ మీటలనీ మోసే నల్లటి పలకని. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి తీసినప్పుడు నా ఒళ్లు నున్నగా మెరిసేది. నా మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. పెట్రోలు ముల్లు కిందికి పడిపోతే ఆయన బంకుకి వెళ్లడు, నా మీద వేలితో టకటకా కొడతాడు. కొడితే పెట్రోలు పుడుతుందా? మనుషుల నమ్మకం అలాంటిది.

ఆయన దగ్గర నన్ను సాలూరు సన్యాసిరావు కొన్నాడు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లకి బాడుగకు తిప్పాడు. చూపు మందగించాక స్టీరింగు భార్య ముత్యాలమ్మ చేతికి వచ్చింది. ఆమె జాకెట్లు కుట్టే మనిషి. మిషను తొక్కిన కాళ్లకి క్లచ్చి తొందరగానే లొంగింది. కష్టమంతా నాకే వచ్చింది. ఎడమ సీట్లో కూర్చున్న సన్యాసిరావు, ఎదురుగా మసకగా ఏది కదిలినా, రెండు అరచేతులతో నన్ను బాదేవాడు.

"బ్రేకు! బ్రేకు తొక్కవే!"

"అది గేదె నీడండీ. నీడక్కూడా బ్రేకేటి?"

ఒకరోజు ఆ దెబ్బకి నా ఎడమ వైపు నిలువునా పగిలింది. గుంత వచ్చినప్పుడల్లా ఆ ముక్క కటకటలాడేది. ఆ చప్పుడుకి ఆయన ఇంకా బెదిరేవాడు.

"కారు పనైపోనాది. అమ్మేద్దుమే," అన్నాడు చివరికి.

"కారుకేటయింది? మీ చేతులకే ఏదో అయింది. కొత్త బోర్డు నేనే బిగిస్తాను. మక్కువ ఊర్లో అక్క దగ్గరికి ఒక్కదాన్నే ఎల్లొస్తాను. ఎల్లలేకపోతే అప్పుడు అమ్ముకోండి."

ఆదివారం పొద్దున వాకిట్లోనే పని మొదలైంది. ఏ తీగ ఎక్కడిదో మరిచిపోకుండా ముత్యాలమ్మ ఒక్కోదానికి ఒక్కో రంగు జాకెట్టు పీలిక కట్టింది. నా వెనక దాగిన స్క్రూలు ఆమెకి కనబడలేదు. సన్యాసిరావు చెయ్యి దూర్చి, తడిమి తడిమి విప్పాడు. ఆఖరి స్క్రూ దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది.

"ఏటండీ, రాలేదా?"

"వస్తాది. దార్లో బండి ఆగిపోతేనో?"

"ఆగితే దిగి ఎవర్నో పిలుస్తాను. నాకు నోరు లేదేటి?"

స్క్రూ ఊడింది. నన్ను అరుగు మీద పెట్టారు. నా చోట కొత్త పలక కూర్చుంది. పీలికల గుర్తుతో తీగలు కలిశాయి, లైట్లు వెలిగాయి. ముత్యాలమ్మ చేతులు తుడుచుకుని బయల్దేరింది. కారు వీధి మలుపు తిరిగింది.

ఆ మధ్యాహ్నం సన్యాసిరావుని చూడాలి. గేటు దాకా వెళ్తాడు, తిరిగొస్తాడు. కూర్చుంటాడు, లేస్తాడు. తలకున్న తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకుంటాడు. దూరంగా లారీ హారన్ మోగితే చెవి ఒగ్గుతాడు. నాకూ నిలకడ లేదు. ఇన్నేళ్లూ బండి ఎంత వేగంలో ఉందో నాకు తెలిసేది. ఇప్పుడు ముల్లూ లేదు, తీగా లేదు. మొదటిసారి మనుషుల్లాగే, తెలియనిదంతా ఊహించుకుని భయపడ్డాను.

పొద్దు వాలుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. సన్యాసిరావు గబుక్కున గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

"అక్క వంకాయలిచ్చింది. లేవండి, మీ దొంగ నిద్దర నాకు తెల్దేటి? ఎక్కండి, అలా ఊరు చుట్టి వద్దుం."

ఆయన కారు దాకా నడిచాడు. ముందు తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కారుని తడుముకుంటూ వెళ్లి, వెనక తలుపు తీసి, చేతులకి ఏ బోర్డూ అందని సీట్లో కూర్చున్నాడు.

"పోనియ్యి," అన్నాడు.