అక్కను రాసిన చెల్లెలు

"మీ నాయిక బట్టల కొట్టు బొమ్మలా ఉందమ్మా," అన్నాడు సంపాదకుడు, నవల రాతప్రతిని బల్లమీద పెడుతూ. "ఎవరేమన్నా 'అంతా మన మంచికే' అంటుంది. ఈవిడ దేనికి భయపడుతుంది? ఎప్పుడు అబద్ధమాడుతుంది? అవి తెలిస్తేనే మనిషి."

రచయిత్రి మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. ముందుగదిలో అక్క కుట్టుమిషను తొక్కుతోంది. వీధిలో సగంమంది బట్టలు అక్క కుట్టినవే. మిగతా సగం ఆమె నోటికి జడిసి వేరే చోటికి పోయారు. దారాన్ని పళ్లతో తెంపుతుంది. వయసడిగితే నాలుగేళ్లు మింగేస్తుంది. లిఫ్టంటే భయం, మోకాళ్లు పట్టేసినా ఐదంతస్తులూ మెట్లెక్కి, "వ్యాయామం" అంటుంది.

"ఏమే, అలా చూస్తావేం? నా మొహాన కోతులాడుతున్నాయా?"

చెల్లెలు నవ్వి లోపలికెళ్లింది. ఆ వారమంతా రాసింది. పాత నాయికను కొట్టేసి అక్క నోటిని, అబద్ధాన్ని, భయాన్ని ఉన్నవున్నట్టు కాగితంమీదికెక్కించింది.

"ఇప్పుడు ప్రాణమొచ్చిందమ్మా!" అన్నాడు సంపాదకుడు ఫోనులో.

ఆ రోజే అక్క దారాన్ని కత్తెరతో కత్తిరించింది. చెల్లెలు పట్టించుకోలేదు. మర్నాడు ఎవరో అడిగితే అక్క తన వయసు ఉన్నదున్నట్టు చెప్పింది. లిఫ్టెక్కి కిందికెళ్లింది. ఆ సాయంత్రం ఒకావిడ వచ్చి, జాకెట్టు చేతులు బిగుతయ్యాయని నానామాటలూ అంటుంటే తల వంచుకుని నవ్వింది.

"అంతా మన మంచికే," అంది.

 అది చెల్లెలు కొట్టేసిన వాక్యం.

"అక్కా, ఆ మాట ఎక్కడ విన్నావ్?"

"వినడమేమిటమ్మా? నేనెప్పుడూ అనేదేగా."

ఆ గొంతులో చిరాకు లేదు, ముద్దూ లేదు. చెల్లెలు తన దగ్గరున్న ఆ పేజీల నకలంతా చింపేసింది. లాభం లేకపోయింది. తిట్టింది, బతిమాలింది, ఏడ్చింది. అన్నిటికీ అదే నవ్వు.

అలవాట్లయితే తను ఎత్తుకుపోగలిగింది. ప్రాణప్రదమైనదాని మీద దెబ్బ పడితే మనిషి ఏం చేస్తుందో, అది మాత్రం లోపల్నుంచే రావాలి. ఇలా అనుకుని చెల్లెలు, ఒకావిడ కోసం అక్క ఇరవై రోజులు కూర్చుని పూసలు కుట్టిన గౌనును మెడ నుంచి అంచుదాకా కోసేసింది. 

అక్క వచ్చి చూసింది. చాలాసేపు నవ్వు అలాగే ఉంది. తర్వాత మెల్లగా చెరిగిపోయింది. పాత అక్కయితే ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఈమె నిదానంగా కూర్చుని గౌనును ఒళ్లో పరుచుకుంది.

"ఎందుకు కోశావ్?"

చెల్లెలు దాచకుండా అంతా చెప్పింది.

"రాసే ముందు నన్నడిగావా?"

"లేదక్కా."

"అడగాల్సింది." సూది తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "కూర్చో. కోసినదంతా నువ్వే కుట్టాలి."

రెండు రోజులు కుట్టింది. వేళ్లకు రక్తమొచ్చినా అక్క లేవనివ్వలేదు, అలాగని తిట్టనూ లేదు. గౌనుగలావిడకు జరిగింది చెల్లెలి చేతే చెప్పించింది. నవలను చెల్లెలు సంపాదకుడి దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకుంది.

ఆ నవ్వు మళ్లీ రాలేదు. పాత నోరూ రాలేదు. అక్క ఇప్పుడు తక్కువ మాట్లాడుతుంది. ఏ మాటకు ఏమంటుందో చెల్లెలికి అంతుపట్టదు. అక్క తన గదిలోకి వెళ్లినప్పుడల్లా లోపల గడియ వేసుకుంటుంది.