కన్నులో తాడు మార్చడం

వదిన సంచి సర్దుతోంది. అందరికీ పొడిబట్టలు, పాపకు పాలసీసా, అగ్గిపెట్టె, టార్చిలైటు. పైన మందపాటి దుప్పటి పెట్టింది, పట్టడం లేదని తీసింది, మనసొప్పక మళ్ళీ కుక్కింది. అన్నయ్య గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"బడి మేడ మీదికా, కాపురం మార్చడానికా?" అన్నాడు.

"మీకేం, మీ సామానంతా రేవులో ఉంది. నేనూ పడవనై పుట్టుంటే పూటకోసారి వచ్చి చూసుకునేవారు."

"నిన్ను కట్టేయడానికి అంత తాడు దొరకొద్దూ!"

నేను నవ్వాను. ఎవరు సంచి మూతి బిగించినా నాకు ఈనాటికీ ఆ మాటలే గుర్తొస్తాయి.

వాయుగుండం తుఫానైందని, మా తీరం వైపే వస్తోందని రేడియో పొద్దున్నుంచీ చెబుతోంది. అప్పట్లో నాకు చదువు రాదు. చాలా ఏళ్ళకు, అక్షరాలు కూడబలుక్కోవడం సొంతంగా నేర్చుకున్నాక, తుఫాను ఎలా పుడుతుందో వెతికి వెతికి చదివాను. ఎండకు కాగిన సముద్రం మీంచి తడిగాలి పైకి లేస్తుందట. ఆ వెలితిలోకి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతుంటుంది కనక తిన్నగా రాలేక సుడి తిరుగుతుంది. సుడి నడుమ మాత్రం గాలి ఉండదు. దాన్ని కన్ను అంటారు. ఈ చివరి ముక్క మా రేవులో పుస్తకం ముట్టనివాళ్ళకు కూడా తెలుసు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కన్ను రాకముందు గాలి ఉత్తరం నుంచి కొడుతుంది కనక పడవల్ని ఉత్తరపు గుంజలకు కడతారు. కన్ను దాటగానే అదే గాలి దక్షిణం నుంచి తిరగబడుతుంది. అప్పుడా తాళ్ళు ఉండీ లేనట్టే. పడవ గట్టుకు కొట్టుకుని నుజ్జవుతుంది. రెండు వైపులా ముందే బిగిద్దామంటే, లేచే నీటితో పాటు లేవలేక బోల్తా పడుతుంది. అందుకని గాలి ఆగిన ఆ కాస్సేపట్లో పరుగున వెళ్ళి తాళ్ళు దక్షిణపు గుంజలకు మార్చి వస్తారు. మావాళ్ళ తాతల నాటి పద్ధతి.

మేం బడి చేరేసరికి మేడ మీద కాలు పెట్టే చోటు లేదు. గాలి మొదలైంది. తలుపులకు బల్లలు అడ్డంపెట్టి, వాటికి వీపులు ఆనించి కూర్చున్నారు మగవాళ్ళు. మాట్లాడితే పక్కవాళ్ళకు వినపడలేదు. పాప మాత్రం నా ఒళ్ళో హాయిగా నిద్రపోయింది.

మధ్యాహ్నం దాటాక, ఎవరో గొంతు నొక్కినట్టు గాలి ఆగిపోయింది. కిటికీలోంచి ఎండ పడింది. అన్నయ్య లేచి తాడు భుజాన వేసుకున్నాడు.

"వెళ్ళొద్దండీ," అంది వదిన.

"పడవ పోతే తినేదేముంది? పోయినసారి కన్ను పడ్డప్పుడు వంట చేసి, తిని, గిన్నెలు కూడా కడిగావు. మర్చిపోయావా?"

"కడిగింది నేను కనక నాకు గుర్తుంటుంది. ప్రతిసారీ అంతసేపు ఉంటుందని ఎవరైనా రాసిచ్చారా?"

"నువ్వు తిట్టడం పూర్తయ్యేలోపు వచ్చేస్తా. బోలెడు టైముంది," అని మెట్లు దిగిపోయాడు.

కన్ను అన్నిసార్లూ ఒక్క కొలతన ఉండదట. మన మీంచి దాని నడుమ పోతే చాలాసేపు, అంచు పోతే ఇట్టే దాటిపోతుందట. ఆ రోజు మా మీదికి వచ్చింది అంచే. పోయిన తుఫానుతో కొలుచుకున్నాం మేం.

వదిన వరండా పిట్టగోడ పట్టుకుని నిలబడింది. దక్షిణాన మబ్బు గోడ కట్టినట్టు లేస్తోంది. నన్ను పిలిచి చూపించింది.

"అమ్మాయ్, పాపను వదలకు. నేను వెళ్ళి లాక్కొస్తాను."

"అన్నయ్య చూసుకుంటాడులే వదినా, ఆగు."

"ఆయన సంగతి నీకేం తెలుసు? తల వంచి ముడి వేస్తుంటే ఆకాశం విరిగి పడ్డా చూడడు. వేసిన ముడి పక్కన ఇంకోటి వేసి అందం చూసుకునే మనిషి!"

చెప్పులు అక్కడే వదిలేసి రేవు రోడ్డు మీద పరుగెత్తింది. పాప లేచి ఏడుపు అందుకుంది. దాన్ని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. నాకు చేతనైంది అదొక్కటే.

అన్నయ్య ఐస్ ఫ్యాక్టరీ సందులోంచి వచ్చాడు. ఆ రోజు అతనూ తలెత్తి చూశాడు. మబ్బు చూసి, రేవు రోడ్డు మీదికి నీళ్ళు ఎక్కుతున్నాయని అడ్డదారి పట్టాడు. మెట్లెక్కుతూ నవ్వుతున్నాడు కూడా.

"చూశావా, తిట్లు అయ్యేలోపే వచ్చేశా. మీ వదినేది?"

రోడ్డు వైపు చెయ్యి చూపించాను.

అతను వెనక్కి తిరిగేసరికి గాలి కొట్టింది, ఈసారి అటు నుంచి. మా రేవు నోరు దక్షిణానికే ఉంటుంది. సముద్రం ఆ నోట్లోంచి రోడ్డు మీదికి వచ్చేసింది. అన్నయ్య మెట్లు దిగబోతే నలుగురు పడి పట్టుకున్నారు. ఒకడి చెయ్యి కొరికాడు. అయినా వదల్లేదు వాళ్ళు.

మర్నాడు నీళ్ళు తీశాక చూస్తే పడవ చెక్కుచెదరలేదు. మా అన్నయ్య తిరిగొచ్చాడు. మా వదిన రాలేదు. ఆమె వెళ్ళింది నవంబరు పంతొమ్మిది, మంగళవారం, మధ్యాహ్నం.