పెంటయ్య చూపిన మచ్చు

సకల జనుల సమ్మె నాటి మాట. డోర్నకల్ స్టేషన్ ఎదుట నాది ఎండుమిరప దుకాణం. పక్కనే హైదర్ టీ కొట్టు. రైల్ రోకో రోజు ఇంజిను ముందు కదలకుండా నిలబడ్డాడని జనం అతనికి ‘పట్టాల పులి’ అని పేరు పెట్టారు. పోలీసుల కేసులోనూ ఆ పేరే ఉంది. మనిషెవరో మాత్రం వాళ్లకు తెలియదు. తెలిస్తే హైదర్ జైలుకు పోతాడు.

అది జరిగిన వారానికి ఒక ఇంగ్లండు దొర వచ్చాడు. పేర్ల మీద పుస్తకం రాస్తాడట. మాట తర్జుమా చేయడానికి వెంట దామోదర్ అనే వరంగల్ మనిషి. అందరి పేర్లూ, మారుపేర్లూ అడిగి రాసుకుంటున్నారు. లాభం లేనిదే ఎవడూ సముద్రం దాటి రాడు. ఈ పేర్ల సరుకు కొనేదెవరు? నా అనుమానం ఠాణా మీదికే పోయింది.

“నీ పేరేందని అడుగుతుండు,” అన్నాడు దామోదర్, హైదర్ కొట్టు ముందు దొరతో టీ తాగుతూ.

“పెంటయ్య.”

అర్థం వినగానే దొర చేతిలోని గ్లాసు నోటి దగ్గరే ఆగింది. నవ్వి ఏదో అన్నాడు.

“చెత్తకుప్ప అని పేరు పెట్టిందంటే మీ అవ్వకు నీ మీద గంత కోపమా అంటుండు.”

“కోపం గాదు, భయం. నా ముందు ఇద్దరు పోయిండ్రు. నేను పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు. పక్కింటి ఐలమ్మ ఎత్తుకుంటే, మా అవ్వ చాటెడు తవుడిచ్చి మళ్ల కొనుక్కున్నది. పారేసిన సరుకును చావు గూడ ముట్టదని.”

దొర నవ్వు పోయింది. తల వంచుకుని చాలాసేపు రాశాడు. నాకు అతని మీద మంచి అభిప్రాయం కలగబోయింది. ఆపుకున్నాను. మంచి మచ్చు చూపి నాసి సరుకు అంటగట్టేవాళ్లను ఎందరిని చూడలేదు!

“గీడ పట్టాల పులి అంటరట, ఎవలన్నా?” అన్నాడు దామోదర్. “దొర అడుగుతుండు.”

దొర పెదవి కదిలినట్టు నాకు కనబడలేదు. హైదర్ కడిగిన గ్లాసులనే మళ్లీ కడగసాగాడు.

“నన్నే అంటరు,” అన్నాను.

దామోదర్ అది ఇంగ్లీషులో చెప్పాడు. దొర వద్దన్నట్టు చెయ్యి ఊపి పుస్తకం మూసేశాడు.

వాళ్లు వెళ్లాక హైదర్ నా మీద పడ్డాడు. “పాగల్ అయినవా పెంటన్నా? నిన్ను గుంజుకపోతరు!”

“జర ఆగు. రోకో నాడు నేనేడున్న?”

“మానుకోట దవాఖానల. కన్ను ఆపరేషన్.”

“కాయితమున్నది. పేరును ఠాణాకు ఎవలు మోస్తరో చూద్దాం. మచ్చు పోతే పిడికెడు పోతది. బస్తా దక్కుతది.”

మర్నాడే కానిస్టేబుల్ వచ్చాడు. “పట్టాల పులి నువ్వేనట?”

దవాఖాన కాగితం చూపాను. అతను తేదీ చూశాడు, నా కంటి పట్టీ చూశాడు. “అంత తప్పుడు ఖబర్,” అని గొణుక్కుంటూ పోయాడు.

దొర రాయని పేరు ఠాణా దాకా నడిచింది.

రెండు రోజులకు దామోదర్ ఒక్కడే టీకి వచ్చాడు. “ఇంకేమన్న పేర్లున్నయా, పెంటన్నా?”

“కొత్తదొకటి ఉన్నది. నిన్ననే పెట్టినం. ఊరంత అంటుండ్రు.”

“ఎవలకు? ఏం పేరు?”

“గా మనిషి ముందర అనం.”

హైదర్ నవ్వకుండా స్టవ్ మంట తగ్గించాడు. దామోదర్ టీ సగంలోనే పెట్టి లేచాడు. ఆ తరువాత అతను డోర్నకల్లో దిగగా నేను చూడలేదు.